ఏమీ లేదన్న చిలుక

ఆ ఎండాకాలం చింతలకోన అడవి మొత్తానికి నీళ్లున్నది ఒక్క మడుగులోనే. పొదల నుంచి అక్కడికి వెళ్లే దారి కూడా ఒక్కటే, అదీ రెండు బండల మధ్య ఇరుకుగా పోతుంది. ఇదివరకు ఎవరి ముక్కు వాళ్లది, ఎవరి చెవులు వాళ్లవి. జంతువులన్నీ గాలి వాసన చూసుకుంటూ, ప్రాణాలు అరచేత పట్టుకుని వెళ్లి, నాలుగు గుక్కలు తాగి వచ్చేవి.

ఆ అవస్థ చూడలేక దుప్పి పెద్దయ్య ఒక ఏర్పాటు చేశాడు. బండ మీద గోరింక కాపలా కాస్తుంది. ఏదైనా కనిపిస్తే ఎగిరొచ్చి మద్దిచెట్టు మీది చిలుకకు చెబుతుంది. చిలుక అడవంతా వినిపించేలా "దారిలో చిరుత!" అనో, "దారిలో ఏమీ లేదు!" అనో కూస్తుంది. చిలుకా గోరింకా కలిసి చేసే పనికి ఇక తిరుగేముంటుందని అందరూ మురిసిపోయారు.

మురిసిపోనిది కుందేలు నాంచారమ్మ ఒక్కతే. ఆమెకు అనుమానం పుట్టుకతో వచ్చింది. తన నీడ తనకంటే ముందు నడిస్తే, దీనికెందుకింత తొందర అని ఆగిపోయే రకం. చిలుక కూసినా సరే, నేల వాసన చూస్తూ అందరికంటే వెనక నడిచేది. మిగతావాళ్లు నవ్వుకునేవారు. కొన్నాళ్లకు జింకలు గాలి ఎటు వీస్తోందో చూడటం మానేశాయి. అడవిపంది అయితే అసలు తలెత్తడమే మానేసింది.

ఒక సాయంత్రం నాంచారమ్మ తన పిల్లలిద్దరినీ మొదటిసారి మడుగుకు బయల్దేరదీసింది. ఆమెకు పాలు ఇంకిపోయాయి. పిల్లల నాలుకలు పిడచకట్టుకుపోయాయి. ఈ పూట నీళ్లు పడకపోతే అవి దక్కవని ఆమెకు తెలుసు.

"దారిలో ఏమీ లేదు! హాయిగా వెళ్లిరండి!" అని కూసింది చిలుక.

నాంచారమ్మ దారికి అడ్డంగా కూర్చుండిపోయింది. వెనక జింకలు, అడవిపంది, దుప్పి పెద్దయ్య అందరూ ఆగాల్సి వచ్చింది.

"ఏమే చిలకా, ఏమీ లేదని గోరింక చెప్పిందా?"

"చెప్పకపోతే నేనెందుకు కూస్తాను?"

"నేనడిగింది అది కాదు. గోరింక నీ దగ్గరికొచ్చి, నోరు తెరిచి, ఏమీ లేదని చెప్పిందా?"

చిలుక ముక్కుతో రెక్క సవరించుకుంది. "ఏదైనా ఉంటే వచ్చి చెబుతుంది. రాలేదు. అంటే ఏమీ లేనట్టేగా?"

"ఎప్పట్నుంచి రాలేదు?"

"పొద్దున్నుంచి."

"మరి పొద్దున్నుంచీ ఏమీ లేదని కూస్తూనే ఉన్నావా?"

"నా పని కూయడం నాంచారమ్మత్తా. కాయడం గోరింక పని."

దుప్పి పెద్దయ్యకు విసుగొచ్చింది. "ఏర్పాటు అన్నాక నమ్మకం ఉండాలమ్మా. తలా ఒక ప్రశ్న వేస్తూ కూర్చుంటే ఎవరి గొంతూ తడవదు. ఈ ఏర్పాటు పెట్టాక ఒక్క ప్రాణమైనా పోయిందా?"

"పోలేదా, పోయినట్టు ఎవరూ వచ్చి చెప్పలేదా పెద్దయ్యా?"

అడవిపంది మధ్యలో అందుకుంది. "పిల్లలు దాహంతో అల్లాడుతుంటే ఈ వాదనలేంటి? వాటిని చిరుత చంపదు, నీ అనుమానమే చంపుతుంది."

ఆ మాట సూటిగా వెళ్లి తగిలింది. నాంచారమ్మ పిల్లల వంక చూసింది. చిన్నది అప్పటికే నేల మీద ఒరిగిపోయి ఉంది. నిజంగానే తన చాదస్తం వల్ల వీటిని పోగొట్టుకుంటానేమో అని ఆమెకు భయం వేసింది. ఆ భయంతోనే లేచింది.

"పెద్దయ్యా, పిల్లల్ని కాస్త కనిపెట్టుకుని ఉండు. నేనొక్కదాన్నే వెళ్లి చూసొస్తా. నేను పిలిచేదాకా ఎవరూ కదలొద్దు."

బండల దాకా వెళ్లేసరికి గుప్పున ఇప్పపూల వాసన కొట్టింది. నాంచారమ్మ టక్కున ఆగింది. ఆ చుట్టుపక్కల ఎక్కడా ఇప్పచెట్టు లేదు.

"ఎవరది, ఇప్పపూలు పులుముకుని పెళ్లికొడుకులా పొదలో కూర్చున్నది?"

నాంచారమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది.

"పలక్కపోతే చిరుతే అనుకుంటాను. అందర్నీ వెనక్కి తీసుకుపోతాను."

నోటికాడి కూడు పోతుందనేసరికి పొద కదిలింది. "నేనే నాంచారమ్మా, నక్క బావని. నీళ్లు తాగి, కాస్త నడుం వాల్చాను. పిల్లల్ని తీసుకురాలేదా?"

పిల్లలు బయల్దేరారని వీడికెవరు చెప్పారు అనుకుంది నాంచారమ్మ. పైకి మాత్రం, "గోరింక ఏది బావా?" అంది.

"అవతలి కోనలో మేడిపండ్లు మాగాయని ఎవరో చెప్పారట. పాపం, ఆశపడి పోయింది."

"ఎవరో అంటే?"

"ఎవరైతేనేం? చిలుక ఏమీ లేదంది కదా. రా, పిల్లల్ని పిలు."

నాంచారమ్మకు అంతా అర్థమైంది. వీడు చిలుకను కొనలేదు, బెదిరించలేదు. కాపలాను ఖాళీ చేయించాడు, అంతే. మిగతా అబద్ధమంతా చిలుకే సొంతంగా ఆడిపెట్టింది. ఒళ్లు మండి నాలుగు మాటలు అనబోతుండగా గాలి మళ్లింది. ఇప్పపూల వాసన అడుగున ఇంకో వాసన తగిలింది. తలెత్తి చూసింది. నక్క వెనక, బండ మీద, చిరుత పొట్ట రాతికానించి పడుకుని ఉంది.

నక్కంటే ఆమెకు అసహ్యమే. అయినా కళ్లెదుట ఒక ప్రాణం పోతుంటే నోరు ఊరుకోలేదు.

"బావా, నీ వెనక చిరుత ఉంది. పరుగెత్తు."

నక్క పకపకా నవ్వింది. "నా దగ్గరా ఈ ఎత్తులు? చిరుత ఉంటే నాకు వాసన రాదా?"

"ఒళ్లంతా ఇప్పపూలు పట్టించుకున్నావు, నీ ముక్కుకి ఇంకేం తెలుస్తుంది?"

"పోనీ, చిరుత ఉంటే చిలుక కూయదా?"

సరిగ్గా అప్పుడే మద్దిచెట్టు మీంచి తియ్యటి గొంతు వినిపించింది. "దారిలో ఏమీ లేదు! హాయిగా వెళ్లిరండి!"

"విన్నావా?" అంది నక్క. అదే దాని ఆఖరి మాట.

చిరుత నక్కను నోట కరుచుకుని గట్టు దాటి పోయింది. నాంచారమ్మ చాలాసేపు కదలకుండా గాలి వాసన చూసి, దారి అటూ ఇటూ తిరిగి చూసుకుని, అప్పుడు పిల్లల్ని పిలిచింది. చిన్నది మొదటి గుక్క మింగుతుంటే ఆమెకు కళ్లనీళ్లు ఆగలేదు.

చీకటి పడే వేళకు గోరింక తిరిగొచ్చింది, ముక్కు నిండా మేడిపండ్ల గుజ్జుతో. పెద్దయ్య దాన్ని చెడామడా తిట్టి, అక్కడికక్కడే కొత్త కట్టడి చేశాడు. గోరింక రాకపోతే చిలుక ఇక "ఏమీ లేదు" అనకూడదు, "కబురు రాలేదు" అని కూయాలి. ఈసారి ఇక తిరుగులేదని అందరూ మళ్లీ మురిసిపోయారు.

మర్నాడే చిలుక "కబురు రాలేదు!" అని కూసింది. అడవిపంది తల దించుకుని బయల్దేరింది.

"ఎక్కడికి?" అని అడ్డం వచ్చింది నాంచారమ్మ.

"మడుగుకి. వినలేదా? ఏమీ రాలేదట."

నీతి: ఎవరూ చూడని దారి, ఏమీ లేని దారి కాదు.