తిమ్మక్క చెప్పని పేరు

అనగా అనగా, ఏటికి ఇంకా ఎవరూ పేరు పెట్టని రోజుల్లో, ఆ ఏటి ఒడ్డున నీలి అద్దకం వాళ్ల వీధి ఒకటి ఉండేది. ఆ వీధిలో తిమ్మక్క ఉండేది. అందగత్తె కాదు, మాటకారీ కాదు. పొద్దున బానలో నూలు ముంచేది, మధ్యాహ్నం పిండేది, సాయంత్రం ఆరేసేది. మొగుడు ఓబన్న, అత్త నాగులమ్మ. అంతే ఆమె సంసారం.

ఒక ఏడు తిమ్మక్క చేతుల మీద నీలి మచ్చలు కనబడ్డాయి. నీలి అద్దకం వాళ్లకి చేతుల మీద నీలం కొత్తా? కుంకుడు రసంతో రుద్దింది. పోలేదు. చింతపండుతో రుద్దింది. పోలేదు. ఇసుకతో రుద్దింది. మచ్చలు మోచేయి దాటి భుజం మీదికొచ్చాయి. భుజం ఎప్పుడూ బానలో మునగదు. అప్పుడు ఇంట్లో భయం పుట్టింది.

వైద్యుడొచ్చి వేలు గుచ్చి, నెత్తురు చుక్కను తమలపాకు మీద వేసి చూశాడు. పాలు కలిపినట్టు పాలిపోయి ఉంది.

"తెల్ల నెత్తురు జబ్బు తల్లీ. నెత్తురులో దొంగలు పడ్డారు" అన్నాడు.

మొదట చేదు కషాయం పట్టారు. జుట్టు రాలింది, నోరు పుండైంది. దొంగలు పోయారనుకున్నారు. మళ్లీ వచ్చారు.

తర్వాత నిప్పుల సెగ పెట్టారు. ఒళ్లు కమిలింది. దొంగలు పోయారనుకున్నారు. మళ్లీ వచ్చారు.

చివరికి ఆమె తమ్ముడి ఎముకలోంచి మూలుగ తీసి ఆమెకి ఎక్కించారు. ఆ పిల్లవాడు పంట కోతల దాకా కుంటుతూనే తిరిగాడు. ఈసారి వీధంతా పొంగళ్లు పెట్టుకున్నారు. ఆ పొంగలి కుండలు కడిగి బోర్లించకముందే దొంగలు మళ్లీ వచ్చారు.

వైద్యుడు మందుల సంచి మూతి బిగించాడు. "నా దగ్గర ఇంకేమీ లేదు" అని తల వంచుకుని వెళ్లిపోయాడు.

ఓబన్న ఏరు దాటి, అడవి దాటి, కొండ దాటి, ఈరమ్మ అనే ముసలామెను తీసుకొచ్చాడు. ఆమె మంచం పట్టె మీద కూర్చుంది.

"నేను బయటి మందేదీ తేను. నీ నెత్తురులోనే కావలివాళ్లున్నారు. దొంగలు ఇంటివాళ్ల వేషంలో ఉన్నారు గనక ఆ కావలివాళ్లు పోల్చుకోలేక ఊరుకుంటున్నారు. వాళ్లలో కొందరిని ముంతలోకి తీసుకుంటా. దొంగ మొహం ఎట్లుంటుందో నేర్పిస్తా. మళ్లీ నీలోకే పంపుతా."

తిమ్మక్కకి ఆ మాట ఇట్టే అర్థమైంది. "బానలో నీలిమందు పులవక చచ్చిపోతే మేమూ అంతే చేస్తాం అవ్వా. దాంట్లోంచే ముంతెడు తీసి, బెల్లం వేసి, వెచ్చగా దాచి, మళ్లీ దాంట్లోనే పోస్తాం."

"పోసిన ప్రతిసారీ బతుకుతుందా?"

"ప్రతిసారీ బతకదు."

"ఇదీ అంతే. నీకు అబద్ధం చెప్పను. ఇట్లా చేసినవాళ్లలో ఒకామె లేచి పొలానికి పోయింది. ఒకాయన లేవలేదు. ఇంకొకామె బతికింది గానీ, కన్నకూతుర్ని చూసి ఎవరు నువ్వని అడిగింది."

తిమ్మక్కకి చావు మాట పెద్దగా తగల్లేదు. ఆ మూడో మాట గుచ్చుకుంది. బాన పక్కన కూర్చుని ఆలోచించింది. ఏటి రాయి మీద కూర్చుని ఆలోచించింది. గడప మీద కూర్చున్నప్పుడు అత్తతో అంది.

"పోతే పోయిందనుకుంటారు అత్తా. కానీ నీ చేతి అన్నం తింటా, నువ్వెవరో తెలీకుండా కూర్చుంటే?"

"నువ్వు మరిస్తే మేం గుర్తు చేస్తాం. నువ్వే లేకుంటే ఎవరికి గుర్తు చేయాలి?" అంది నాగులమ్మ.

ఓబన్న అన్నాడు: "ఎవరు నువ్వని రోజూ అడుగు. రోజూ చెప్తా."

"నీకంత ఓపికెక్కడిది? ఉప్పెక్కడుందో రోజూ నన్నే అడుగుతావు" అంది తిమ్మక్క. చాలా రోజుల తర్వాత ఆ ఇంట్లో నవ్వు వినబడింది. ఆ నవ్వులోనే ఆమె సరేనంది.

ఈరమ్మ ముంతెడు నెత్తురు తీసుకుని కొండకి పోయింది. అక్కడ కావలివాళ్లకి నేర్పుతూ ఉంటే ఇక్కడ తిమ్మక్క ఎండిన కొమ్మలా అయింది. ఈరమ్మ తిరిగొచ్చి ఆ ముంతెడు నెత్తురూ ఆమెలోకి ఎక్కించింది. తర్వాత ఓబన్న చేతికి ఒక బుడ్డి ఇచ్చింది.

"జొరం వస్తుంది. రావాలి. లోపల పోరాటం జరుగుతోందని అర్థం. ఆ మంట తలకెక్కితే మాత్రం ముందు పేర్లు కాలిపోతాయి. పూటపూటకీ మూడు మాటలు అడగండి. నీ పేరేంది, నీ పనేంది, నీ మొగుడి పేరేంది. ఒక్క మాట తప్పినా ఈ చల్లమందు పట్టేయండి. ఊరికే పట్టారో, కావలివాళ్లు నిద్రపోతారు, దొంగలు మిగిలిపోతారు."

ఇంకో ఊళ్లో ఇంకో మంచం ఆమె కోసం కాచుకుని ఉంది. ఈరమ్మ వెళ్లిపోయింది.

ఈరమ్మ కొండ మనిషి. కొండ మీద ఆడవాళ్లు మొగుణ్ణి పేరు పెట్టే పిలుస్తారు. ఈ వీధిలో మొగుడి పేరు పెళ్లాం నోట రాకూడదు. వస్తే అతని ఆయుష్షు తరుగుతుందని భయం. ఆ సంగతి ఈరమ్మకి తెలీదు. ఆమెకి చెప్పాలని వీళ్లకి తోచలేదు.

మొదటి రోజు జొరం వచ్చింది. ఇంటివాళ్లూ ఇరుగుపొరుగూ మంచం చుట్టూ చేరారు.

"నీ పేరేంది?"

"తిమ్మక్క."

"నీ పనేంది?"

"నీలం అద్దుతా."

"నీ మొగుడి పేరేంది?"

తిమ్మక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నాతో చెప్పిస్తారా? అదిగో, అక్కడ నిలబడ్డాడు, ఆయన్నే అడగండి." అందరూ నవ్వారు.

రెండో రోజు జొరం పెరిగింది. పేరు చెప్పింది. పని చెప్పింది. మూడో మాట అడిగారు. తిమ్మక్క వెతుక్కుంది. ఎదురుగా ఒక మనిషి ఉన్నాడు. మోచేతుల దాకా నీలం. మంచివాడిలాగే ఉన్నాడు. అతని పేరు ఉండాల్సిన చోట ఏమీ లేదు. మరిచిపోయానని చెప్పబోయింది. ఆ మాటా దొరకలేదు. భయంతో కొంగు మొహం మీదికి లాక్కుంది.

"చూశారా, ఒళ్లు కాలిపోతున్నా మర్యాద మరవలేదు నా కోడలు" అంది నాగులమ్మ. ఓబన్న మురిసిపోయాడు. బుడ్డి గూట్లోనే ఉండిపోయింది.

కొంగు కింద తిమ్మక్క కళ్లు తెరుచుకునే ఉన్నాయి. అవతల నవ్వుతున్నది ఎవరో ఆమెకి తెలీలేదు.

మూడో రోజు మొదటి మాటకే జవాబు రాలేదు. అప్పుడు పరిగెత్తి బుడ్డి తెచ్చారు. మందు పెదవుల మీదుగా కారి మంచం మీది చాపలో ఇంకింది. పొద్దు వాలకముందే తిమ్మక్క పోయింది.

ఈరమ్మ వచ్చి వేలు గుచ్చి చూసింది. ఆకు మీద చుక్క ఎర్రగా ఉంది.

"దొంగలు ఒక్కరూ లేరు. కావలివాళ్లు గెలిచారు. ఇల్లే కాలిపోయింది" అని, బుడ్డి చేతిలోకి తీసుకుంది. తర్వాత అడిగింది. "మూడో మాట ఎప్పుడు తప్పింది?"

సిగ్గుపడి ఊరుకున్నదెప్పుడో, మరిచి ఊరుకున్నదెప్పుడో ఆ ఇంట్లో ఎవరికీ తెలీదు. ఓబన్న ఆ ప్రశ్నతోనే ముసలివాడయ్యాడు. బాన ముందు కూర్చునేవాడు గానీ, మళ్లీ చేయి ముంచలేదు.

పెద్దకర్మ నాడు నాగులమ్మ వీధి గడప మీదికొచ్చి నిలబడింది. మొగుడు పోయి ఎన్నో ఏళ్లయినా ఆయన పేరు ఆమె నోట ఎవరూ వినలేదు.

"నా మొగుడి పేరు పుల్లన్న" అంది గట్టిగా. "ఇప్పుడు మీరు చెప్పండి. మీ మొగుళ్ల ఆయుష్షుకి వచ్చే చేటు నాకే రానీ."

ముందు ఎదురింటావిడ తన మొగుడి పేరు చెప్పింది. తర్వాత ఆ పక్కింటావిడ. అట్లా ఆ వరస ఏటి దాకా పోయింది.

ఇప్పటికీ ఆ వైపు ఊళ్లలో దీపం పెట్టే వేళ ఆడవాళ్లు మొగుడి పేరు పైకి అంటారు. మొగవాళ్లు పెళ్లాం పేరు అంటారు. పోయినవాళ్ల పేర్లూ అంటారు. జొరం వచ్చిన మనిషి మూగగా నవ్వితే నమ్మరు. నోటితో చెప్పిందాకా వదలరు. ఒంట్లో బాగున్న మనిషి ఎవరైనా ఉన్నట్టుండి మాట మానేస్తే, పక్కన కూర్చుని భుజం మీద చేయి వేసి, "సిగ్గా, తిమ్మక్క మరుపా?" అని అడుగుతారు.

కథ ఏరు దాటిపోయింది. లేచేవాళ్లు మీవాళ్ల పేర్లు ఒకసారి పైకి అని లేవండి.