గుంత పందిది, తప్పు గేదెది

పాలవాగు పక్క అడవిలో రెండు కట్టుబాట్లు ఉండేవి.

ఒకటి తాతల నాటిది. ప్రమాదాన్ని ముందుగా చూసినవాడు కేకెయ్యాలి. చిరుత కనబడితే కొండముచ్చు అరుస్తుంది, పాము కనబడితే నెమలి అరుస్తుంది. కళ్ళారా చూసి, నోరు ఖాళీగా ఉండి కూడా ఊరుకున్నవాడు, ఆ తర్వాత జరిగే నష్టమంతా తన నెత్తిన వేసుకోవాలి. అందరూ ఊపిరి పీల్చినంత మామూలుగా పాటిస్తారు కాబట్టి దాని గురించి ఎవరూ మాట్లాడుకునేవారు కారు.

రెండోది మొన్నమొన్నటిది. దెబ్బ తిన్నవాడు పరిహారం అడగాలంటే వాడి వైపు ఆవగింజంత తప్పు కూడా ఉండకూడదు. ఎదుటివాడి తప్పు ఏనుగంత ఉన్నా సరే, నీది ఆవగింజంత ఉంటే నీకు గడ్డిపరక రాదు. ఇది పెట్టించింది పుల్లయ్య అనే నక్క. ఆ రోజు సరేనని తలలూపిన వాళ్ళందరూ ఒళ్ళు బాగున్నవాళ్ళే. మనకేం దెబ్బ తగులుతుందిలే అనుకున్నారు.

ఆ అడవిలో నుదుటి మీద తెల్లమచ్చ ఉన్న ఓ బొల్లి గేదె ఉండేది. దానికి నెల దూడ. ఒక పొద్దున్నే దూడతో వాగుకు పోతూ ఉంటే ముందరి కాలు ఓ గుంతలో దిగబడింది. మోకాలు మెలిపడి, పడ్డచోటే కూలబడిపోయింది. ఆ బాధలోనూ పక్కనున్న తంగేడు పొదలోంచి గురగురమని ఓ నవ్వు దానికి వినిపించింది.

ఆ గుంత తవ్వింది కొండయ్య అనే అడవిపంది. నడిదారిలో దుంప కోసం తవ్వాడు, దుంప తిన్నాడు, మట్టి పూడ్చకుండా వదిలేశాడు. మూడో రోజుకు గేదె కాలు రెండింతలు వాచింది. వాగు దాటితే గానీ పచ్చగడ్డి లేదు. మేత లేకపోతే పాలు లేవు. దూడ అప్పటికే ఖాళీ పొదుగును కుమ్మి కుమ్మి ఏడుస్తోంది.

గేదె కుంటుకుంటూ కొండయ్య దగ్గరికి వెళ్ళింది.

"ఏమయ్యా కొండయ్యా, నీ గుంతలో పడ్డాను. కాలు బాగయ్యేదాకా రోజూ ఇంత గడ్డి తెచ్చిపెట్టు. అంతకు మించి నాకేం వద్దు."

"అయ్యో వదినా, తెద్దునే! కానీ ఏదున్నా పుల్లయ్యగారితో మాట్లాడు. నా తరఫున ఆయనే మాట్లాడతాడు."

"గుంత తవ్వేటప్పుడు పుల్లయ్యను పిలిచావా?"

"లేదు."

"మరి ఇప్పుడెందుకు?"

కొండయ్య పుల్లయ్య ఉండే బొరియ వైపు చూశాడు. ఆ జవాబు కూడా పుల్లయ్యే చెప్పాలి కాబోలు.

చేసేది లేక గేదె పంచాయితీ పెట్టింది. తీర్పు చెప్పేది పెద్ద ఎలుగు. ఆయన గుట్ట మీద నల్లబండ పక్కన కూర్చుంటాడు, కిందికి దిగడు. న్యాయం కావలసినవాళ్ళే ఎక్కి రావాలి. బొల్లి గేదె మూడు కాళ్ళ మీద పడుతూ లేస్తూ ఎక్కింది.

పుల్లయ్య చేతులు కట్టుకుని లేచాడు. "అయ్యా! ఈ అక్క తన కాలు మెలిపడిందంటోంది. మెలిపడిన కాలితో ఇంత గుట్ట ఎలా ఎక్కింది?"

"రాకపోతే ఫిర్యాదు కొట్టేస్తామని కబురంపారు కదయ్యా!" అంది గేదె.

"చూశారా, వచ్చింది!"

ఎలుగు గడ్డం గోక్కున్నాడు. "ఇందులో ఆలోచించాల్సిన సంగతి ఉంది. వారానికి వాయిదా."

గేదె దిగింది. వారం తర్వాత మళ్ళీ ఎక్కింది. నల్లబండ ఉంది, ఎలుగు లేడు. పుల్లయ్య ఒక్కడే నీడలో తోక దులుపుకుంటున్నాడు.

"ఎలుగుగారు తేనె పని మీద వెళ్ళారక్కా. మళ్ళీ వారం."

"ముందే ఓ మాట చెప్పి ఉండకూడదూ?"

"అడిగితే చెప్పేవాణ్ణే కదా!"

గేదెలకు ఓపిక ఎక్కువంటారు. అలా అనేవాళ్ళెవరూ వాచిన కాలితో ఆ గుట్ట దిగి ఉండరు. బొల్లి గేదెకు కడుపు మండిపోయింది. పుల్లయ్య మీద మంట, కొండయ్య మీద మంట, కొత్త కట్టుబాటుకు అందరితోపాటు తలూపిన తన మీద ఇంకా ఎక్కువ మంట. సగం దారిలో ఓ నేరేడు చెట్టు కింద కూలబడింది.

చెట్టు మీద ముసలి కొండముచ్చు ఉన్నట్టుండి అరిచింది. "చిరుత! చిరుత! వాగు అవతల!" జింకలు చెదిరిపోయాయి. చిరుత సిగ్గుపడి తన దారిన తాను పోయింది.

"నోట్లో పండు పెట్టుకోబోతూ ఆపేసి మరీ అరిచావే పిన్నీ," అంది గేదె.

"చూశాను కాబట్టి అరిచాను. చూసి ఊరుకుంటే రేపు ఎవరికేం జరిగినా నా ప్రాణానికేగా చుట్టుకునేది!"

గేదె నెమరు వేయడం ఆపేసింది. తంగేడు పొదలోంచి వచ్చిన ఆ గురగుర నవ్వు గుర్తొచ్చింది. వెంట వచ్చిన దూడ వైపు చూసి, "పద నాన్నా, ఈ గుట్ట ఇంకొక్కసారి ఎక్కుదాం," అంది.

మూడో వాయిదాకు అడవంతా వచ్చింది. ఎలుగు మూతికి ఇంకా తేనె అంటుకునే ఉంది. పుల్లయ్య గొంతు సవరించుకున్నాడు.

"మా కొండయ్య గుంత తవ్విన మాట నిజం. పూడ్చని మాటా నిజం. అది పెద్ద తప్పే, కాదనం. ఒక్కటే అడుగుతాను. అక్కా, ఆ పొద్దున నువ్వు నడుస్తూ నెమరు వేశావా, లేదా?"

అబద్ధమాడటం గేదెకు చేతకాదు. "వేశాను," అంది.

"నెమరు మీద ధ్యాస ఉంటే దారి మీద ధ్యాస ఎక్కడుంటుంది? ఆవగింజ దొరికింది, అయ్యా!" అని పుల్లయ్య గంతేశాడు.

బండ మీద ఒక్క చరుపు చరిస్తే తీర్పు అయిపోయినట్టే. ఎలుగు పంజా ఎత్తాడు.

"ఆగండయ్యా," అంది గేదె. "తప్పు ఒప్పుకున్నాను. కానీ ఎంత తప్పు చేశానో తెలియాలి కదా. రేపు నా దూడ పాలకేడిస్తే లెక్కగా చెప్పుకోవాలి. ఎక్కడి నుంచి నమిలానో ఆ కొండయ్యనే చెప్పమనండి."

పుల్లయ్య చెవులు నిక్కబొడుచుకున్నాయి. తప్పు ఎంత పెరిగితే తనకంత మంచిది. "చెప్పు కొండయ్యా, దాచకుండా చెప్పు!" అన్నాడు.

"మద్దిచెట్టు మలుపు తిరిగినప్పటి నుంచీ నమలడమే!" అన్నాడు కొండయ్య.

"అక్కడి నుంచి గుంత పది అడుగులే కదా," అంది గేదె.

"పదా? నూటయాభైకి తక్కువుండదు!"

"రెండొందలు రాసుకోండి!" అన్నాడు పుల్లయ్య.

"రెండొందల అడుగుల నుంచి నా నోరు కనబడిందా? ఊరుకోవయ్యా. నువ్వెక్కడో దుంప నములుతూ ఉండుంటావు."

కొండయ్యకు పౌరుషం వచ్చింది. "నేనా? దుంప ఎప్పుడో తినేశా! తంగేడు పొదలో పడుకుని, నోట్లో ఏమీ లేకుండా, నిన్నే చూస్తున్నా. ఎడమ నుంచి కుడికి తిప్పుతూ నమిలావు. మధ్యలో దూడ వెనకబడితే తిరిగి పిలిచావు కూడా!"

"దూడను పిలిచిందా! ఇది రెండో తప్పు!" అని పుల్లయ్య చంకలు గుద్దుకున్నాడు.

"అప్పుడే అనుకున్నా, ఇది తిన్నగా పోయి గుంతలో దిగుతుందని. దిగింది!" కొండయ్య గురగురమని నవ్వాడు.

ఇంకెవరూ నవ్వలేదు. జింకలు ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి. ముసలి కొండముచ్చు చెట్టు కొమ్మ మీద నిటారుగా కూర్చుంది.

"రెండొందల అడుగులు," అంది బొల్లి గేదె నెమ్మదిగా. "దూడను వెంటబెట్టుకుని నడిచేదాన్ని. చాలాసేపే పట్టి ఉంటుంది కదా?"

"చాలాసేపా! చూసి చూసి నాకే విసుగొచ్చింది."

"అంతసేపట్లో ఎన్ని కేకలేశావు కొండయ్యా?"

కొండయ్య నోరు తెరిచాడు. పుల్లయ్య వైపు చూశాడు. పుల్లయ్య తోక అప్పటికే కాళ్ళ మధ్యకు పోయింది.

"అయ్యా, మా కొండయ్యకు ఆ రోజు కళ్ళు మసకగా..."

"ఎడమ నుంచి కుడికి నమలడం కనబడిందట కదా," అన్నాడు ఎలుగు.

"నోట్లో దుంప అడ్డుపడి..."

"తినేశానన్నాడు కదయ్యా, ఇందరూ విన్నారు!" ఎలుగు మూతి తుడుచుకుని లేచాడు. "కొత్త కట్టుబాటు ప్రకారం గేదెకు ఏమీ రాదు. కానీ పాత కట్టుబాటు దానికంటే పెద్దది. ఆఖరి అడుగు దాకా ఒక్క కేకతో ఆపగలిగినవాడివి నువ్వు, కొండయ్యా. నష్టమంతా నీదే. కాలు బాగయ్యేదాకా రోజూ గడ్డి మొయ్యి. గుంత ఇవాళే పూడ్చు." బండ మీద దబ్బున చరిచాడు. తర్వాత గేదె వైపు తిరిగాడు. "ఈ మాట మొదటి రోజే అడిగించి ఉండొచ్చు కదమ్మా?"

"మొదటి రోజు నేను గుట్ట ఎలా ఎక్కానని అడిగారు. రెండో రోజు మీరు లేరు," అంది గేదె. ఎలుగు మళ్ళీ మూతి తుడుచుకున్నాడు.

మర్నాటి నుంచి కొండయ్య వాగు దాటి గడ్డి పెకలించి, కోరలకు తగిలించుకుని రోజూ మోశాడు. తన తరఫున మాట్లాడినందుకు పుల్లయ్యకు ఇస్తానన్న దుంపలు ఇవ్వలేదు సరికదా, కనబడితే తరిమాడు. నాలుగు రోజులకు గేదె పొదుగులో పాలు దిగాయి. దూడ మూతి నిండా నురగతో చెంగుచెంగున ఎగిరింది. ఇక కొండయ్య సంగతి చెప్పాలా? దారిలో ఎండుటాకు పడి ఉన్నా, ఎవరు వస్తున్నా, "చూసుకో! చూసుకో!" అని గొంతు చించుకుంటున్నాడు.

ఆవగింజ కట్టుబాటు మాత్రం ఇంకా అలాగే ఉంది. తీసేద్దామని బొల్లి గేదె అడిగితే, ఒళ్ళు బాగున్నవాళ్ళందరూ చూద్దాంలే అన్నారు.

నీతి: ఎదుటివాడి చిన్న తప్పును సాగదీసి పెద్దది చేసేవాడు, తన పెద్ద తప్పుకు తానే సాక్ష్యం చెబుతాడు.