కోసేసిన ‘వస్తా’

అనగనగా, మరీ అంత పాతకాలం కాదు గానీ, ఒక గుట్ట కింద కుంట ఉండేది. కుంట గట్టున తుమ్మచెట్టు. చెట్టు మీద పలుకు అనే గోరింక, తొర్రలో చారమ్మ అనే ఉడుత, నీళ్ళలో డిప్పక్క అనే తాబేలు. ముగ్గురూ ప్రాణస్నేహితులు.

పలుకు వాదానికి దిగిందంటే కాకులు కూడా నోరు మూసుకునేవి. గెలవని రోజు దానికి గింజలు సహించేవి కావు.

ఒక సాయంత్రం కబుర్లయ్యాక డిప్పక్క, “వెళ్ళొస్తా పిల్లా” అంది.

“ఆగాగు! వెళ్తావా, వస్తావా? రెండూ ఒకేసారి ఎలా కుదురుతాయి?” అంది పలుకు.

చారమ్మ పకపకా నవ్వింది. డిప్పక్కా నవ్వింది.

మర్నాడూ అదే మాట, అదే ప్రశ్న.

“మా అమ్మ అలాగే అనేది తల్లీ. అలవాటు.”

“అలవాటు జవాబు కాదక్కా. ఓడిపోయానని ఒప్పుకో!”

ఈసారి చారమ్మ ఒక్కతే నవ్వింది.

ఎండలు ముదిరాయి. కుంట బురదైంది, బురద బీటలు వారింది. ఒక పొద్దున డిప్పక్క ఈడ్చుకుంటూ చెట్టు కిందికి వచ్చింది.

“గుట్ట అవతల వాగుందట. నా నడకకు నెల పడుతుంది. వెళ్ళొ...”

“మళ్ళీనా!” కొమ్మ మీద గంతేసింది పలుకు. “ఏదో ఒకటే చెప్పు. తప్పించుకోకు!”

డిప్పక్క మెడ చాచి దాని వంక చూసింది.

“సరే. వెళ్తున్నా.”

“గెలిచా!” అని రెక్కలు టపటపలాడించింది పలుకు.

ఎవరూ నవ్వలేదు.

“ఏం గెలిచావే? ఆ మాటలోంచి ‘వస్తా’ను కోసేశావు. పో, వెనక్కి పిలువు” అంది చారమ్మ.

డిప్పక్క ఇంకా రెండుసార్లు రెక్క ఆడిస్తే చేరేంత దూరంలోనే ఉంది. కానీ గెలిచినవాళ్ళు వెంటపడి బతిమాలతారా? పలుకు కొమ్మ దిగలేదు.

వానలు పడ్డాయి. కుంట నిండింది. డిప్పక్క రాలేదు. ఇక ఉండబట్టలేక పలుకు గుట్ట దాటి ఎగిరింది. వాగులో, రాతి మీద డిప్పక్క.

“కుంట నిండిందక్కా. వచ్చెయ్!”

“ఇక్కడ గుడ్లు పెట్టానే. ఇక రాలేను. ఆ రోజు ‘వస్తా’ అని ఉంటే, మాట కోసమైనా వానలు పడగానే బయల్దేరేదాన్ని. నన్ను రమ్మనేవాళ్ళు లేరనుకుంటూ నెలంతా నడిచాను.”

పలుకు రాతి మీద వాలి తల వంచుకుంది. పుట్టాక అదే మొదటిసారి.

పొద్దు వాలింది. “వెళ్ళొస్తా అక్కా” అంది పలుకు.

రెండూ ఒకేసారి ఎలా కుదురుతాయని డిప్పక్క అడగలేదు. “వెళ్ళిరా తల్లీ” అంది.

ఆ సాయంత్రం కుంట నిండుగా ఉంది. గట్టు మీద మాత్రం ‘వెళ్ళొస్తా పిల్లా’ అనేవాళ్ళు లేరు.

అందుకే పిల్లలూ, నేస్తం మాటలో తప్పు పట్టే ముందు, ఆ మాటలో ఉన్న మనసును వినాలి.