నక్కగారి సున్నం గీతలు

అనగనగా, ఓటుకు గులకరాళ్లు వేసే కాలంలో, ఒక ఏనుగురాజు ఉండేవాడు. ఆయన రాజ్యంలో సగం మంది పేటలో కాపురముండే ఎలుకలు, సగం మంది పొలాల్లో గూళ్లు కట్టుకునే పిట్టలు. రాజ్యాన్ని మూడు భాగాలు చేసి, ఒక్కో భాగంలో గెలిచినవారు ఒక్కొక్కరు చొప్పున ముగ్గురు సభకు వెళ్లాలి. కాలువ నీళ్లు ఎటు వదలాలో ఆ ముగ్గురే తేల్చాలి.

ఆ సంవత్సరం ఈ భాగాలను మళ్లీ గీసే పని పేటలో ఉండే నక్కగారికి దక్కింది. ఆయన రాజుగారి కొలువులో పిట్టలకు గుర్తుగా తెల్ల రాళ్లు, ఎలుకలకు గుర్తుగా నల్ల రాళ్లు పరిచి, మధ్యలో సున్నంతో గీతలు గీశాడు. గీతలా అవి? కడుపునొప్పితో మెలికలు తిరిగే వానపాములు.

చుక్కమ్మ అనే కౌజుపిట్ట వంగి చూసింది. ఒక భాగం నిండా తెల్ల రాళ్లే కుక్కాడు. మిగిలిన రెండింటిలో గుప్పెడు తెల్లవి, మిగతావన్నీ నల్లవి. అంటే సభలో పేటకు ఇద్దరు, పొలాలకు ఒక్కరు. ఇక నీళ్లన్నీ పేట కొలనుకే. జొన్నచేను ఎండిపోతుంది. ఆ చేలోనే ఆమె పిల్లలున్నారు.

చుక్కమ్మకు ఒళ్లు మండింది.

"నక్క బావా, మా చేను దగ్గర గీత ఎందుకు వంగింది?"

"అక్కడ నేలే వంకర, చుక్కమ్మా."

"మా చెల్లెలి గూడు నా పక్కనే ఉంది కదా. దాన్ని పేటలో ఎందుకు కలిపావు?"

"నాలుగు మర్యాదలు నేర్చుకుంటుందని."

"మేమూ వాళ్లూ సరిసమానం. వాళ్లకు ఇద్దరు, మాకు ఒక్కరా?"

"గీతకు పక్షపాతం ఉండదమ్మా, నీ కళ్లకే ఉంది" అన్నాడు నక్క, మీసం దువ్వుకుంటూ. ఎలుకలు కిచకిచా నవ్వాయి.

చుక్కమ్మ రాజు వైపు తిరిగింది.

"దొరా, మా పొలాల్లో అన్నదమ్ములు చేను పంచుకునేటప్పుడు ఒక ఆచారం ఉంది. పంచినవాడు చివర తీసుకోవాలి, అవతలివాడు ముందు ఏరుకోవాలి. నక్క బావ పంచాడు. నేను ఏరుకుంటాను."

"ఏం ఏరుకుంటావు?"

"గీత చెరపొద్దు, రాయి కదపొద్దు. నల్ల రాళ్లు మేము, తెల్ల రాళ్లు వాళ్లు. అంతే."

నక్క ఎగిరిపడ్డాడు. "అదెలా కుదురుతుంది? సగం మందిమి ఉండి మాకు ఒక్కడేనా? ఇది పట్టపగలు దోపిడీ."

ఎలుకల నవ్వు ఆగిపోయింది.

"దోపిడీయే" అన్నాడు రాజు. "గీసింది ఎవరు?"

రాజు కాలితో సున్నం చెరిపేశాడు. "మళ్లీ గియ్యి. ఏ రంగు ఎవరిదో నువ్వు గీశాక చుక్కమ్మ చెబుతుంది."

ఈసారి ఒక భాగం పొలాలది అయింది, ఒకటి పేటది. మూడో దాంట్లో ఇద్దరూ సగం సగం. అక్కడ గెలవాలంటే పిట్టలనూ అడగాలి, ఎలుకలనూ అడగాలి. అలా అడిగి గెలిచినవాడు కాలువ నీళ్లు చెరో వారం వదిలించాడు. చుక్కమ్మ చేను పచ్చగా నిలిచింది.

కాబట్టి పిల్లలూ, అవతలి పక్కన నిలబడి కూడా ఒప్పుకోగలిగిన గీతే న్యాయమైన గీత.