సువర్చల పాత చీర

రాజమండ్రిలో సువర్చల అని ఒకావిడ ఉండేది. మంచి మనిషే కానీ, నలుగురిలో తాను ఒక మెట్టు కిందున్నట్టు కనిపిస్తే మాత్రం ఆ పూట ఆవిడకి అన్నం సయించేది కాదు.

ఆవిడ తపాలా ఆఫీసులో పనిచేసేది. పనిలో వంక పెట్టడానికి లేదు. ఎవరికైనా ఫారం నింపడం రాకపోతే తన పెన్ను తీసి తనే నింపి పెట్టేది. ఆ ఒక్క జబ్బే లేకపోతే నేనివాళ ఈ కథ చెప్పే పనే ఉండేది కాదు.

ఆ ఊళ్ళోనే విశాలాక్షి గారని, గ్రంథాలయంలో పనిచేసి రిటైరైన పెద్దావిడ ఉండేవారు. ఆవిడ అయిదారుగురు ఆడవాళ్ళని కూడగట్టి ఒక సరదా మొదలుపెట్టారు. నెలకో ఆదివారం పొద్దున్నే పాసింజరు రైలెక్కాలి. కిటికీ పక్కన కూచుని పులిహోర తింటూ దగ్గర్లో ఏదో ఒక ఊరు వెళ్ళి, చూసి, సాయంత్రానికి తిరిగి రావాలి. ఆ నెలంతా అందరూ ఒకే పుస్తకం చదివి, దాని గురించి మాట్లాడుకోవాలి. ఇవి కాక ఇంకో నియమం ఉంది. ఆ రోజు కొత్త బట్ట కట్టకూడదు. ఎవరింట్లో ఉన్నవాటిలో వాళ్ళు అన్నిటికన్నా పాత చీర కట్టుకొచ్చి, దాని సంగతేమిటో చెప్పాలి. బీరువాల్లో ఉన్నవి కట్టుకోకుండా కొన్నవే కొంటూ ఉంటే ఎలాగర్రా అనేవారు విశాలాక్షి గారు.

సువర్చల ముచ్చటపడి ఆ గుంపులో చేరింది. చేరి ఇంటికొచ్చి బీరువా తెరిచింది. తెరిచి అలా నిలబడిపోయింది. అందులో ఒక్క పాత చీర లేదు. ఉంటే కదా. వీధిలో స్టీలు సామాన్లవాడి కేక వినపడితే చాలు, ఆవిడ కట్టి వదిలేసిన చీరలన్నీ మూటగట్టి పట్టుకెళ్ళి గిన్నెలు తెచ్చుకునేది. వాళ్ళమ్మ ఇచ్చిన గళ్ళ చీర ఇడ్లీ పాత్రగా మారి మూడేళ్ళయింది. మిగిలినవాటిలో అన్నిటికన్నా పాతదానికి రెండేళ్ళు.

ఆ రెండేళ్ళదే కట్టుకెళ్ళు, దానికేం అన్నాడు భర్త భాస్కరం. సువర్చల ఆయన్ని అదోలా చూసింది.

"అందరూ అమ్మల చీరలూ అమ్మమ్మల చీరలూ కట్టుకొస్తే, నేను నిన్నగాక మొన్న కొన్నది కట్టుకెళ్ళాలా? నా పరువేం కాను?" అంది.

రెండు నెలల కిందట చేనేత ప్రదర్శనలో కొన్న నీలం చీర ఒకటుంది ఆవిడ దగ్గర. చూడ్డానికి పాతకాలపు నేత. దాన్ని తీసి బక్కెట్లో బ్లీచింగు పౌడరు కలిపి ఒక పూట నానబెట్టింది. డాబా మీద మూడు రోజులు ఎండలో పడేసింది. అంచుని చాకిరేవు బండకేసి రాసినట్టు రాసింది. అప్పటికీ తృప్తి లేక ఒకచోట చిన్న చిరుగు పెట్టి, మళ్ళీ తనే కుట్టింది. భాస్కరం ఇదంతా చూసి, కొత్త చీర చేసిన పాపమేమిటని గొణుక్కున్నాడు. ఈ హడావిడిలో పుస్తకం చదవడానికి తీరిక ఎక్కడిది? అట్ట వెనకున్న నాలుగు ముక్కలూ, చివరి రెండు పేజీలూ చదివి సంచిలో పెట్టుకుంది.

ఆదివారం రైల్లో ఒకావిడ తన పెళ్ళినాటి నేత చీర చూపించింది. ఇంకొకావిడ చనిపోయిన అక్కగారి చీర కట్టుకొచ్చి, దాని చెంగు అందరి చేతికీ ఇచ్చి చూడమంది. సువర్చల వంతు వచ్చింది. ఇది మా అమ్మమ్మ మంగతాయారు చీర, అరవై ఏళ్ళ నాటిది, ఆవిడ దీన్ని కట్టుకునే లాంచీలో గోదావరి దాటి పురిటికెళ్ళిందట అని మొదలుపెట్టింది. మొదలుపెట్టాక ఆగలేదు. లాంచీకి తుఫాను కూడా తెప్పించింది. విశాలాక్షి గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. చీర చెంగు పట్టుకుని, ఎంత బాగా దాచుకున్నావమ్మా అన్నారు. సువర్చలకి లోపల ఎక్కడో చిన్న ముల్లు గుచ్చుకున్నట్టయింది కానీ, పైకి మాత్రం ముఖం వెలిగిపోయింది.

వాళ్ళు వెళ్ళింది కొత్తగరువు అనే నేతవాళ్ళ ఊరు. అక్కడ రామలింగం, చౌడమ్మ అనే ముసలి దంపతులు ఇంట్లోనే మగ్గం పెట్టుకుని నీలం చీరలు నేసేవారు. రంగు కూడా రామలింగమే అద్దేవాడు. పెరట్లో రెండు పెద్ద మట్టి బానలు ఉండేవి. వాటిలో నీలిమందు పులుస్తూ ఉండేది. పులిస్తేనే అది నూలుకి పడుతుంది. రోజూ కలపాలి, వేళకి ఇంత బెల్లం, ఇంత సున్నం వెయ్యాలి, చలికాలం గోనెలు కప్పాలి. అలా చూసుకుంటే బాన ఏళ్ళ తరబడి బతుకుతుంది. పెద్ద బానలో నీలి రామలింగం తండ్రి పెట్టింది. బట్ట చిరగాలి గానీ మా నీలం పోదు అని రామలింగం అందరికీ చెప్పుకునేవాడు. ఆయనకున్న గొప్పల్లా అదొక్కటే.

అందరూ మగ్గం చూస్తూ ఉండగా చౌడమ్మ సువర్చల దగ్గరికొచ్చి, చెంగు పట్టుకుని తిప్పి చూసింది. చివర మూడు ఎర్ర పోగులు ఉన్నాయి. అది తమ మగ్గం గుర్తు. ఆవిడ భర్తని పిలుచుకొచ్చింది. ఇద్దరూ సువర్చలని వసారా చివరికి తీసుకెళ్ళారు.

ఇది మేం నేసిందేనమ్మా, ఎప్పుడు కొన్నారు అని మెల్లగా అడిగాడు రామలింగం. సువర్చల వెనక్కి తిరిగి చూసింది. విశాలాక్షి గారికి వినపడలేదు. రెండు నెలలైందని గొంతు తగ్గించి చెప్పింది.

"మరి రంగు ఇలా వెలిసిందేం? ఏం పెట్టి ఉతికారు తల్లీ?" అన్నాడు ఆయన.

బ్లీచింగు మాట చెబితే ఎందుకని అడుగుతాడు. ఎందుకో చెబితే అమ్మమ్మ, లాంచీ, తుఫాను అన్నీ బయటపడతాయి.

"మామూలు సబ్బేనండీ. రెండుసార్లు ఉతికానంతే" అంది సువర్చల.

రామలింగం ముఖం ఒక్కసారిగా వాడిపోయింది. ఆయన చేతులు జోడించి, తప్పైపోయింది తల్లీ, వెళ్ళేటప్పుడు వేరే చీర పట్టుకెళ్ళండి అన్నాడు. అని, తలొంచుకుని పెరట్లోకి వెళ్ళిపోయాడు. చౌడమ్మ కూడా ఆయన వెనకాలే వెళ్ళింది. గండం గడిచిందనుకుంది సువర్చల.

అరుగు మీద చాపలు పరిచి ఆడవాళ్ళంతా పుస్తకం గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. కాసేపటికి ఇంటి పక్క కాలవలో నీళ్ళు పారుతూ వచ్చాయి. అవి ముదురు నీలం నీళ్ళు. ఇదేమిటర్రా అని ఒకావిడ లేచి చూసింది. అంతలో చౌడమ్మ కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చింది.

"బాన చెడిపోయిందట అమ్మా. చెడ్డ రంగు అద్ది జనాన్ని మోసం చెయ్యలేనని పారబోస్తున్నాడు. మా మామగారి బాన పోయింది. రెండోది కూడా వంచేస్తానంటున్నాడు. పన్నెండు చీరలు నేసి మడతపెట్టి ఉన్నాయి, అవీ పంపడట. మీరైనా చెప్పండమ్మా, నా మాట వినడం లేదు" అంది.

ఇప్పుడు సువర్చల ఏం చెయ్యాలి? నోరు విప్పితే పరువు పోతుంది. విప్పకపోతే ఆ ముసలాయన చేతిపని పోతుంది. ఒక్క క్షణం అలాగే కూచుంది, అబద్ధమెందుకు చెప్పాలి, కూచుంది. ఆ తరవాత లేచి పెరట్లోకి పరుగెత్తింది. రామలింగం రెండో బాన అంచు పట్టుకుని వంచుతున్నాడు. సువర్చల వెళ్ళి ఆయన చేతులు పట్టేసుకుంది.

"బాబాయి గారూ, ఆగండి. మీ రంగు పోలేదు. నేనే పోగొట్టాను. బ్లీచింగులో నానబెట్టాను. పాత చీరలా కనపడాలని చేశాను. రైల్లో మా అమ్మమ్మదని చెప్పాను. అంతా అబద్ధమే" అంది. అందరూ వెనకే వచ్చి వింటున్నారు. వింటున్నారని ఆవిడకి తెలుసు.

రామలింగం బాన వదిలేసి అక్కడే నేల మీద చతికిలబడ్డాడు.

"నా రంగు పోలేదు కదూ? నిజంగా పోలేదు కదూ?" అని రెండుసార్లు అడిగాడు. పోలేదని ఆవిడ చెప్పాక, అప్పుడు ఏడ్చాడు.

చౌడమ్మ మాత్రం అంత తేలిగ్గా వదల్లేదు. ఖాళీ అయిన బాన చూపించి, ఒక్క మాట గంట ముందు చెప్పుంటే ఇందులో నీలి ఉండేది కదమ్మా అంది. తిరుగు రైల్లో సువర్చల ఒక మూల కూచుంది. రాజమండ్రి దగ్గరపడుతుండగా విశాలాక్షి గారు ఆవిడ పక్కకొచ్చి కూచున్నారు.

"రెండేళ్ళ చీర కట్టుకొస్తే మేం నవ్వేవాళ్ళమా సువర్చలా?" అన్నారు. కోపంగా అనలేదు. అందుకే సువర్చల తట్టుకోలేకపోయింది. ఆవిడ భుజం మీద తల పెట్టుకుని చిన్నపిల్లలా ఏడ్చింది.

మరుసటి ఆదివారం సువర్చల ఒక్కతే పాసింజరెక్కి కొత్తగరువు వెళ్ళింది. ఏ పని చెబితే అది చేస్తానంది. మిగిలిన బానలోంచి కాస్త తీసి, పాలకి తోడు పెట్టినట్టు, పెద్ద బానలో మళ్ళీ నీలి పెట్టాలి. రామలింగం ఆవిడ చేతికి కర్ర ఇచ్చి కలపమన్నాడు. ఆ వాసనకి మొదట చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. అయినా ఆ పైవారమూ వెళ్ళింది, ఆ పైవారమూ వెళ్ళింది. పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ రైల్లో కూచుని, అప్పుడు చదవని పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చదివింది. బాగుందని చౌడమ్మకి చెబితే, పైకి చదవమంది. అలా ఆవిడ మగ్గం మీద నేస్తుంటే సువర్చల పక్కన కూచుని చదివేది. ఆ రోజు తను కట్టుకున్నది ఏ చీరో సువర్చలకే గుర్తుండేది కాదు.

ఆషాఢంలో పెద్ద బాన మీద నురగ కట్టింది. రామలింగం నూలు కట్ట ఒకటి ముంచి పైకి తీశాడు. పచ్చగా వచ్చిన నూలు గాలి తగలగానే నీలంగా తిరిగింది. రంగు పట్టిందన్నాడు.

"మా నాన్న పెట్టిన నీలి మటుకు ఇది కాదమ్మా. అది పోయింది" అని కూడా అన్నాడు. సువర్చల తల వంచుకుని అవునంది.

ఉన్నది కట్టుకుని, ఉన్నది ఉన్నట్టు చెప్పుకుంటే మనకి పోయేదేమీ లేదు. గొప్ప కోసం ఆడిన అబద్ధానికి మాత్రం, పాపమెరగనివాళ్ళ కష్టం నీళ్ళపాలవుతుంది.