వజ్జిపాలెం తెరతల్లి

వజ్జిపాలెం బస్టాండు వెనుక, సముద్రానికి పోయే దారిలో, పైకప్పు లేని పెద్ద కట్టడం ఒకటి భక్తులకు కనిపిస్తుంది. లోపల విగ్రహం లేదు. తూర్పున నిలిచిన ఎత్తైన గోడనే ఇక్కడివారు తెరతల్లిగా కొలుస్తారు.

పూర్వం ఇక్కడ రాజ్యలక్ష్మి టాకీస్ ఉండేది. చుట్టుపక్కల పేటలన్నింటికీ అదొక్కటే సినిమా హాలు. గేటులో టికెట్లు చింపే నూకయ్య, హాలు ఊడ్చే అతని భార్య పైడితల్లి దానినే నమ్ముకుని బతికారు. వారికి సంతానం కలగలేదు.

కార్తీక మాసంలో ఒక మధ్యాహ్నం తుఫాను తీరం మీద పడింది. గుడిసెలు లేచిపోతుంటే జనం పిల్లలను చంకనేసుకుని హాలుకు పరుగున వచ్చారు. నూకయ్య ఆట ఆపించి తలుపులన్నీ తెరిచాడు. తల్లులను, పిల్లలను తెర కింద, గోడ వారన నేల మీద కూర్చోబెట్టాడు. చోటు చాలలేదు. పచ్చి బాలింత ఒకతె తడిసిన బిడ్డతో వచ్చి నిలబడింది. ఎవరిని లేవమనాలో తోచక అతడు తన భార్యనే లేపాడు.

"నువ్వెల్లి యెనక కుర్చీల కాడ కూకోయే. ఈ పిల్లకి సోటియ్యి."

"నాకు బయమేస్తంది. నీ కాడే ఉంటాను."

"నీకేటీ అవదు. నానున్నాను కదా."

ఆమె లేచి వెనక్కి వెళ్ళింది. కొద్దిసేపటికి వెనుకవైపు కప్పు దూలాలతో సహా కూలింది. తెర చిరిగి ఎగిరిపోయింది గాని గోడ నిలిచింది. దాని కింద ఉన్నవారందరూ బతికారు. కుర్చీల నడుమ నుంచి పైడితల్లిని తీసేసరికి ప్రాణం లేదు.

యజమాని హాలును అలాగే వదిలేయడంతో మిగిలిన కప్పూ మెల్లగా పడిపోయింది. బతికిన తల్లులు గోడకు పసుపు రాశారు. తనను తెరతల్లి అని పిలవమంటూ అమ్మవారు ఆ బాలింత కలలో చెప్పిందని పెద్దలంటారు. అందరూ నూకయ్యనే పూజారిగా ఉండమన్నారు. అతడు చేతులు అడ్డం పెట్టాడు.

"దాన్ని అక్కడికి పంపినోన్ని నానే. నన్నొగ్గీయండి."

నాటి నుంచి అతడు కుర్చీలు విరిగిన చోటనే పడుకునేవాడు. తిట్టడానికైనా పైడితల్లి ఒక్కసారి కలలోకి వస్తుందని ఎదురుచూశాడు. ఆమె రాలేదు.

నేటికీ ఇక్కడికి వచ్చినవారు మొదట వెనుకభాగానికి పోయి, పైడితల్లి కూర్చున్న చోట కాసేపు కూర్చుని, ఆపైనే గోడకు మొక్కుతారు. అలా చేసినవారి పిల్లలకు గాలివాన భయం ఉండదని నమ్మకం. నూకయ్య మాత్రం కన్నుమూసేదాకా ఆ వెనుకనే కూర్చున్నాడు. గోడ దాకా ఒక్కనాడూ రాలేదు.