టీ తాగేలోపు తేలిన లెక్క

కమలాకర్‌కి ఆ పొద్దున కాలు ఒకచోట నిలవడం లేదు. నిలుస్తుందా మరి? అచ్చులో పోసిన ఇనుము లోపలిదాకా ఎప్పటికి గట్టిపడుతుందో కంప్యూటర్‌లో లెక్కగట్టడం వాళ్ళ గురువు పేరిశాస్త్రిగారి విద్య. ఆయన ప్రోగ్రాము ఒక్కో లెక్కకి రాత్రంతా తీసుకుంటుంది. కమలాకర్ రాసింది టీ తాగేలోపు తేల్చేసింది!

"ఏముందండీ మాస్టారూ! మీది క్షణక్షణం ఇనుము వేడి ఎంతుందో తొంగిచూస్తుంది. నేను అంగలు పెద్దవి చేశాను. అప్పుడప్పుడు చూస్తే చాలదూ?"

"ఎవరికైనా చెప్పావా?"

"ఫౌండ్రీకి చెప్పేశానండి. పెద్ద చక్రం పోశారు. పదింటికి అచ్చు బద్దలుకొడతారు."

శాస్త్రిగారు గడియారం చూశారు. ఇంకా టైముంది. ఫ్రిజ్‌లోంచి ఓ గిన్నె తీశారు. గిన్నెడు మంచుగడ్డ, మధ్యలో థర్మామీటరు. హీటరు మీద సన్నసెగన పెట్టారు.

"ఎంతుంది?"

"సున్నాకి నాలుగు కిందండి."

"కళ్ళు మూసుకో. నేను చెప్పేదాకా తెరిచావో, ఊరుకోను."

ముసలాయన సరదా అనుకుని లోపల్లోపల నవ్వుకుంటూ మూసుకున్నాడు. కాసేపటికి నవ్వు పోయింది. ఇంకాసేపటికి నడుం పట్టేసింది.

"మాస్టారూ, నిద్దరోయారా?"

"నేనా? నేను చూస్తూనే ఉన్నానురా."

ఎప్పటికో "తెరువు" అన్నారు. గిన్నెలో నీళ్ళే. మంచు ఆనవాలు లేదు.

"ఇప్పుడు?"

"ఆరు."

"అంటే పది డిగ్రీలు పెరిగింది. ఇంత సెగ పది డిగ్రీలకేనా?"

"అయ్యో, కాదండీ! మధ్యలో మంచు కరగాలిగా. కరిగినంతసేపూ థర్మామీటరు సున్నా దగ్గరే కూర్చుంటుంది. సెగంతా దానికే పోతుంది."

"నువ్వు చూశావా, కూర్చోడం?"

కమలాకర్ గిన్నె వంక చూశాడు, తన కంప్యూటర్ వంక చూశాడు. ఇనుము గట్టిపడేటప్పుడూ వేడి అలాగే ఒకచోట కూర్చుంటుంది; తన పెద్ద అంగలు దాన్ని దాటేశాయి. ఫోను అందుకున్నాడు.

"మేస్త్రిగారూ, అచ్చు ముట్టుకోకండి! లోపలింకా ద్రవమే ఉంటుంది. ముందు మనుషుల్ని దూరం జరపండి!"

"అదేంటి బాబూ, నువ్వేగా పదింటికన్నావ్? మావాళ్ళు సుత్తులు పట్టుకు నిలబడ్డారు."

"తప్పు చెప్పానండీ. దించెయ్యమనండి."

అవతల కేకలు, ఇనుప చప్పుళ్ళు. తర్వాత మేస్త్రి గొంతు: "దించారులే. మరెప్పుడు కొట్టమంటావ్?"

శాస్త్రిగారు హీటరు ఆర్పి, కళ్ళజోడు తుడుచుకుంటున్నారు. ఇటు చూడనైనా చూడలేదు.

"రేపు పొద్దున చెప్తానండి," అన్నాడు కమలాకర్.